బటను ఎక్కడికి పోయింది? పాత, కొత్త స్మార్ట్‌ఫోన్ల తాకుతెరల గురించి ఒక ప్రసంగం

అమలాపురంలో ఒక గ్రంథాలయం నెలవారీ సమావేశంలో, చాలా ఏళ్ళుగా సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణం నడుపుతున్న ఒక ఎలక్ట్రానిక్స్ డిప్లొమాదారు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము.

సభలో ఉన్న పెద్దలకూ, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకూ నమస్కారం. నేను మాట్లాడతానని తెలిసి ముగ్గురు నలుగురు ముందే అడిగారు, ఏ ఫోను కొనుక్కోవాలో చెబుతారా అని. చెప్పనండి. ఆ మాట దుకాణానికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది పాత స్మార్ట్‌ఫోన్లలో ఉండిన ఆపరేటింగ్ సిస్టమ్‌ల గురించి, అంటే ఫోను మొత్తాన్ని నడిపించే వ్యవస్థల గురించి, ఇప్పటివాటి గురించి, ముఖ్యంగా వాటికీ మన వేలికీ మధ్య ఉన్న సంబంధం గురించి.

రెండు నెలల క్రితం ముమ్మిడివరం వైపు నుంచి ఒక పెద్దావిడ మా దుకాణానికి వచ్చారు. వాళ్ళబ్బాయి కొత్త ఫోను పంపించాడట. "బాబూ, ఇందులో ఇంటి బటను పోయింది, వేసిపెట్టు" అన్నారు. హోమ్ బటను అన్నమాట. ఫోను తీసి చూశాను. పగలలేదు, తడవలేదు, టచ్ బాగానే పని చేస్తోంది. ఆవిడ చేతికిచ్చి, ఎలా వాడుతున్నారో ఒకసారి చూపించమ్మా అన్నాను. ఆవిడ బొటనవేలితో తెర అడుగుభాగాన, నట్టనడుమ, ఏమీ లేని గాజు మీద మెల్లగా నొక్కారు. మళ్ళీ నొక్కారు. కాస్త గట్టిగా నొక్కారు. ఆరేళ్ళు వాడిన పాత ఫోనులో సరిగ్గా అక్కడే ఒక గుండ్రటి గుర్తు ఉండేది. ఆ వేలికి ఆ చోటు తెలుసు. చోటు అక్కడే ఉంది, గుర్తే లేదు.

ఆ బటను ఎక్కడికి పోయింది? ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు? ఈ ప్రశ్న పట్టుకుని ఒక ఇరవై ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళి వద్దాం.

ముందుగా ఒక మాట. టచ్ ఫోను అంటే మనకు ఆపిల్ కంపెనీ 2007లో తెచ్చిన ఐఫోన్ గుర్తుకు వస్తుంది. అంతకు పదమూడేళ్ళ ముందే, 1994లో, ఐబీఎం కంపెనీ సైమన్ అనే ఫోను అమ్మకానికి పెట్టింది. ఇటుకంత ఉండేది. దానికి తాకుతెర ఉంది, క్యాలెండరు ఉంది, ఈమెయిలు పంపే వీలు ఉంది. అంటే తెరను తాకి ఫోను వాడడం అన్న ఆలోచన కొత్తది కాదు. మరి 2007లో కొత్తగా వచ్చింది ఏమిటి? దానికి జవాబు కావాలంటే ముందు పాత గాజు ఎలా పని చేసేదో తెలియాలి.

పాత తాకుతెరలో పైన మెత్తని ప్లాస్టిక్ పొర ఒకటి, కింద గాజు పలక ఒకటి ఉంటాయి. రెండింటికీ లోపలి వైపు విద్యుత్తు ప్రవహించే పారదర్శకమైన పూత ఉంటుంది. రెండూ అంటుకోకుండా మధ్యలో కంటికి ఆనని చిన్న చిన్న చుక్కలు పెడతారు. మీరు నొక్కినప్పుడు పై పొర వంగి కింది పొరను తాకుతుంది. తాకిన చోట వోల్టేజి ఎంతుందో కొలిచి, ఏ చోట నొక్కారో ఫోను లెక్క వేసుకుంటుంది. దీనిని రెసిస్టివ్ తెర అంటారు. నొక్కింది వేలా, గోరా, పుల్లా అన్నది దానికి అక్కర్లేదు, బరువు పడితే చాలు. కానీ ఒకసారికి ఒక చోటే తెలుస్తుంది. రెండు వేళ్ళు పెట్టారనుకోండి, పాపం, ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో నొక్కారనుకుంటుంది.

నేను 2005లో అలాంటి ఫోను ఒకటి చేతులు మారినది కొన్నాను. అందులో ఉన్నది విండోస్ మొబైల్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. దానిని తెరవగానే నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే అది బల్ల మీది కంప్యూటరును ఉతికితే కుంచించుకుపోయినట్టు ఉంది. పై మూలన స్టార్ట్ మెనూ, పక్కన సన్నటి స్క్రోల్‌బారు, కుడి మూలన మూసివేసే ఇంటూ గుర్తు. అన్నీ ఉన్నాయి. అయితే ఆ ఇంటూ గుర్తు నొక్కితే ప్రోగ్రాము మూతపడేది కాదు, కనబడకుండా వెనక్కి వెళ్ళేది, అంతే. అలా పది ప్రోగ్రాములు వెనక పేరుకుపోయి ఫోను నత్తలా నడిచేది. అది తెలుసుకోవడానికి నాకు ఒక నెల పట్టింది. ఆ గుర్తులు ఎంత చిన్నవంటే వేలితో కుదిరేది కాదు. అందుకే ఫోను పక్కన ఒరలో కత్తిలా ఒక సన్నని పుల్ల ఇచ్చేవారు, స్టైలస్ అని.

ఆ స్టైలస్ నేను మూడో వారంలోనే కాలువలో పారేసుకున్నాను. వంతెన మీద నిలబడి ఫోను చూసుకుంటే అంతే మరి. కొత్తది తెప్పించాలంటే హైదరాబాదు నుంచి రావాలి. అప్పుడు ఏం చేశానో చెప్పనా? కోనసీమలో పుల్లకు కరువా? చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి తీసి, కొన కాస్త కొరికి మెత్తబరిచి, దానితోనే నాలుగు నెలలు వాడాను. బ్రహ్మాండంగా పని చేసింది. ఈనె కొన ఎండి గట్టిపడ్డాక తెర మీద గీతలు పడ్డాయి, అది వేరే సంగతి.

ఇంకొక తమాషా ఉండేది. ఆ తెర వాడగా వాడగా దారి తప్పేది. అంటే మీరు ఇక్కడ నొక్కితే అది పక్కన నొక్కినట్టు అనుకునేది. అప్పుడు తెర సరిచేయాలి: మధ్యలోనూ నాలుగు మూలలా వరుసగా ఒక్కొక్క కూడిక గుర్తు వస్తుంది, దాని నడిబొడ్డున పుల్లతో పొడవాలి. నేను ఒకసారి ఒక ఖాతాదారు ఫోనుకు తొందరలో ఆ గుర్తులను నిర్లక్ష్యంగా పొడిచాను. ఇక చూడండి, ఎక్కడ నొక్కినా గోరంత కిందికి పడుతోంది. మళ్ళీ సరిచేద్దామంటే సరిచేసే బటనునే నొక్కలేకపోతున్నాను! చివరకు కింద ఉన్న అసలు మీటలతో ఒక్కొక్క మెట్టూ దిగుతూ వెళ్ళి బయటపడ్డాను. ఆయన రెండు గంటలు బల్ల మీద కూర్చుని, ఒక్క మాట అనకుండా టీ తాగుతూ చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

అదే కాలంలో పామ్ అని ఇంకొక కంపెనీ ఉండేది. దాని స్థాపకుడు జెఫ్ హాకిన్స్ మొదటి యంత్రం తయారు చేయక ముందు, ఆ కొలతకు ఒక చెక్కముక్క కోయించుకుని జేబులో పెట్టుకుని తిరిగేవాడట. ఎవరైనా సమావేశం ఎప్పుడని అడిగితే ఆ చెక్క తీసి పుల్లతో నొక్కుతున్నట్టు నటించేవాడట. పిచ్చివాడనుకున్నారు. కానీ జేబులో ఇమడడం అంటే ఏమిటో, చేతికి ఏది అందుతుందో ఆయనకు ఆ చెక్క నేర్పింది. 1996లో యంత్రం వచ్చింది. రాయడానికి గ్రఫిటీ అనే లిపి పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఒక్క గీతలో రాయాలి. ఏ అన్న అక్షరానికి మధ్య గీత ఉండదు, తిరగేసిన వి లాగ గీస్తే చాలు. అంతకు ముందు 1993లో ఆపిల్ న్యూటన్ అనే యంత్రం తెచ్చింది. మనిషి దస్తూరి తానే నేర్చుకుంటానంది, నేర్చుకోలేక నవ్వులపాలయింది. పామ్ యంత్రం, నువ్వే నా దగ్గర మళ్ళీ అక్షరాభ్యాసం చెయ్యి అంది. జనం చేశారు! ఒక గంట కూర్చుంటే వచ్చేసేది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆనాటి వ్యవస్థలు మన చేత పని చేయించేవి, పుల్ల పట్టించేవి, కూడిక గుర్తులు పొడిపించేవి, లిపి దిద్దించేవి. కానీ దాచేవి కావు. ఏది ఎక్కడ నొక్కాలో తెర మీద కనబడేది.

మన ప్రాంతంలో మాత్రం నిజమైన స్మార్ట్‌ఫోను యుగం నోకియాతోనే మొదలయింది. 6600 గుర్తుందా? 2003లో వచ్చింది, బొద్దుగా, కోడిగుడ్డులా ఉండేది. అందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ పేరు సింబియన్. 1998లో సైయాన్, నోకియా, ఎరిక్సన్, మోటరోలా కలిసి ఆ పేరుతో సంస్థ పెట్టాయి. అది బటన్ల కోసం పుట్టిన వ్యవస్థ. ఎడమ బటను మీద ఆప్షన్స్, కుడి బటను మీద బ్యాక్, మధ్యలో తిప్పుడు మీట. మీకు ఏం కావాలన్నా ఆప్షన్స్ నొక్కి జాబితా దిగాలి. విసుగే. కానీ ఆ విసుగు ప్రతి చోటా ఒకేలా ఉండేది. రొయ్యల చెరువు దగ్గర కాపలా కుర్రాడు చీకట్లో ఫోను జేబులోంచి తీయకుండానే పాట మార్చేవాడు. ఇప్పుడు ఎవరైనా మార్చగలరా?

ఆ సింబియన్‌కు తాకుతెర తగిలించినప్పుడు వచ్చింది అసలు చిక్కు. 2008 చివర నోకియా 5800 ప్రకటించారు. తెర రెసిస్టివ్. గిటారు మీటే పలక లాంటి ముక్క ఒకటి ఇచ్చారు, దానితో నొక్కడానికి. బాగుంది. కానీ బొమ్మల వరుసలో ఒక్కసారి నొక్కితే తెరుచుకునేది, జాబితాలలో ఒక్కసారి నొక్కితే ఆ పేరు మీద రంగు పడేది, రెండోసారి నొక్కితేనే తెరుచుకునేది. ఎందుకలా? బటన్ల కాలంలో ముందు మీటతో ఒక పేరు మీదకు వెళ్ళి, తరువాత నొక్కేవారు కదా. ఆ అలవాటు వ్యవస్థ లోపల మిగిలిపోయింది. వేలికి ఎక్కడికీ "వెళ్ళడం" ఉండదు, నేరుగా దిగుతుంది. ఆ సంగతి పాత వ్యవస్థకు అర్థం కాలేదు. పాత ఇంటికి కొత్త వాకిలి పెట్టి, లోపల గదులు అలాగే ఉంచితే వచ్చినవాడు గోడకు గుద్దుకుంటాడు. ఖాతాదారులు వచ్చి "టచ్ సరిగ్గా పనిచేయడం లేదు" అనేవారు. టచ్‌లో ఏ లోపమూ ఉండేది కాదు.

ఇప్పుడు 2007కు వద్దాం. ఐఫోన్‌ను జనవరి 9న చూపించారు, జూన్ 29న అమెరికాలో అమ్మకానికి పెట్టారు. మన దేశానికి మరుసటి ఏడు ఆగస్టులో దాని రెండో రకం వచ్చింది. ధర 31,000 రూపాయలు. ఈ తరహా తెరతో ఎల్‌జీ ప్రాడా అనే ఫోనును అంతకు ముందే, 2006 డిసెంబరులో, ప్రకటించారు. కాబట్టి గాజు కూడా పూర్తిగా వాళ్ళ సొంతం కాదు. ఆ గాజు ఎలాంటిదంటే, దాని కింద మన పొలం గట్లలాగ అడ్డంగా, నిలువుగా కంటికి కనబడని తీగలు ఉంటాయి. ప్రతి కూడలిలో కొద్దిపాటి విద్యుదావేశం ఉంటుంది. మన వేలు నీరూ ఉప్పూ నిండినది, విద్యుత్తుకు దారి ఇస్తుంది. వేలు దగ్గరకు రాగానే ఆ కూడలిలోని ఆవేశంలో కొంత తనవైపు లాక్కుంటుంది. ఎక్కడెక్కడ ఎంత తగ్గిందో ఫోను కొలుస్తుంది. నొక్కనక్కర్లేదు, ఆనించితే చాలు. రెండు వేళ్ళు పెడితే రెండూ తెలుస్తాయి. దీనిని కెపాసిటివ్ తెర అంటారు.

గాజు ఇంత సున్నితంగా మారినందువల్ల దాని వెనకనున్న వ్యవస్థను మొదటి నుంచి వేలి కోసం రాయవలసి వచ్చింది. నా దృష్టిలో గొప్పతనమంతా అక్కడే ఉంది. జాబితాను వేలితో విసిరితే జారుకుంటూ పోయి మెల్లగా ఆగేది, కాలువలో తోసిన పడవలాగ. చివరికి వస్తే ఠక్కున ఆగకుండా, రబ్బరు లాగినట్టు కాస్త సాగి వెనక్కి వచ్చేది. ఆ చిన్న సాగుడు ఎందుకో ఆలోచించారా? ఠక్కున ఆగిపోతే ఫోను హ్యాంగ్ అయిందేమో అనుకుంటారు. సాగి వస్తే, ఫోను బతికే ఉంది, జాబితానే అయిపోయింది అని వేలికి అర్థమవుతుంది. ఒక్క మాట రాయకుండా చెప్పడం అది. కీబోర్డులో ఇంకొక గడుసుదనం ఉంది: మీరు కొట్టిన అక్షరాలను బట్టి తరువాత ఏ అక్షరం రావచ్చో ఊహించి, ఆ మీట తాకే చోటును లోలోపల పెద్దది చేస్తుంది. కంటికి మీట అంతే ఉంటుంది. మీరు గురి తప్పినా తగులుతుంది.

అలాగని ఆ మొదటి ఐఫోన్ సకలకళా వల్లభం అనుకోకండి. ఒక చోటి మాటను ఇంకొక చోట అతికించే కాపీ, పేస్ట్ సౌకర్యం 2009 దాకా లేదు. బయటివాళ్ళు తయారు చేసిన ఆప్‌లు వేసుకునే అంగడి 2008 జూలైలో గానీ రాలేదు. మా సింబియన్‌లో ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నాయని నేనే ఎంతోమందితో వాదించాను. ఓడిపోయాను. జాబితాలో ఎన్ని సౌకర్యాలున్నాయో జనం లెక్కపెట్టలేదు, వేలు పెడితే ఎలా ఉందో చూసుకున్నారు.

ఆండ్రాయిడ్ సంగతి కొంచెం వేరు. మొదటి ఆండ్రాయిడ్ ఫోను 2008లో అమెరికాలో వచ్చినప్పుడు దానికి జరిపితే బయటికొచ్చే మీటల కీబోర్డు ఉండేది. తెర మీద కీబోర్డు 2009 ఏప్రిల్‌లో, 1.5 రకంతో వచ్చింది. తెర కింద మెనూ, హోమ్, బ్యాక్ బటన్లు ఉండేవి. మన ఊళ్ళలో 2011, 12 నాటికి చిన్న తెరల చవక ఆండ్రాయిడ్ ఫోన్లు విరివిగా వచ్చాయి. వాటి గురించి అందరిదీ ఒకే ఫిర్యాదు, "తోస్తే ఆగి ఆగి వెళుతోందండీ" అని. దీనిని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు.

ఆనాటి ఫోను తెర సెకనుకు 60 సార్లు కొత్త బొమ్మ చూపించేది. అంటే ఒక్కొక్క బొమ్మ గీయడానికి వ్యవస్థకు 16 మిల్లీసెకన్లకు కొంచెం ఎక్కువ సమయం ఉండేది. తాడు పట్టి వరుస నాట్లు వేయడం చూశారు కదా. తాడు ఒక వరుస మీద ఉన్నంతసేపట్లో అందరూ మొక్కలు పెట్టేయాలి. తాడు జరిగింది అంటే అందనివారి చోట ఖాళీ. ఫోనులో ఖాళీ పెట్టలేరు కాబట్టి పాత బొమ్మనే ఇంకొకసారి చూపిస్తారు. మన కంటికి అది కుదుపు. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో గూగుల్ దీనిమీద గట్టిగా పని చేసింది. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు వెన్న, ప్రాజెక్ట్ బటర్! గీసే పనినంతా తాడు జరిగే లయకు కట్టారు. నారు కట్ట ఒకటి ఎప్పుడూ గట్టు మీద సిద్ధంగా ఉంచినట్టు, అవసరమైనప్పుడు మూడో బొమ్మకు కూడా చోటు పెట్టారు. వేలు తగిలిన మరుక్షణం ప్రాసెసరును పూర్తి వేగానికి లేపారు. ఇప్పటి ఫోన్లలో చాలావాటిలో తాడు సెకనుకు 120 సార్లు జరుగుతోంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తోసి చూడండి, చిన్నపిల్లలకు కూడా తేడా తెలుస్తుంది.

ఆ 4.1తోనే మనకు ఇంకొక మేలు జరిగింది. అంతకు ముందు ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు వస్తే చాలావాటిలో డబ్బాలు కనబడేవి, లేదా ఒత్తులు ఊడి పక్కన పడేవి. తెలుగు, కన్నడం, మలయాళం ఆ రకంలో చేర్చారు. ఆ తరువాతే మా దుకాణంలో "తెలుగు పెట్టండి" అన్న పని తగ్గింది.

తెలుగు అన్నాను కాబట్టి ఒక కథ. ముందు వరుసలో మాస్టారు నవ్వుతున్నారు, ఆయనకు తెలిసినట్టుంది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లు మన అక్షరం ఒకటి చూసి కుప్పకూలాయి. ఏ అక్షరమో తెలుసా? జ్ఞా. జ్ఞానంలో జ్ఞా! మామూలుగా మనం రాసే జ్ఞానంతో ఇబ్బంది లేదు. మనకు జ్ఞా ఒకే అక్షరం, ఫోనుకు మాత్రం అది వరుసగా కొన్ని సంకేతాలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు చేరితే, ఆ కూర్పును ఎలా గీయాలో ఆ వ్యవస్థకు తోచలేదు. సందేశంలో వస్తే సందేశాల ఆప్ పడిపోయేది. నోటిఫికేషనుగా వస్తే మొత్తం ఇంటి తెరే పడిపోయేది. ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ పేరు ఐఓఎస్; ఫిబ్రవరి 19న దాని 11.2.6 రకం విడుదల చేసి సరిదిద్దారు. ఇందులో మన అక్షరం తప్పేమీ లేదు. తాకుతెర ఎంత నున్నగా జారినా, దాని వెనక మన లిపిని గీసే యంత్రాంగం ఒకటుందని, దాన్ని ఎవరూ సరిగ్గా పరీక్షించలేదని ఆ వారం బయటపడింది.

ఇక మన నేల సంగతి. ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవారు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చెయ్యి ఎత్తండి. ఆ, ఉన్నారు. మీకు అనుభవమే. చేతులు ఎప్పుడూ తడి, ఆ తడి ఉప్పునీరు. కెపాసిటివ్ తెరకు ఉప్పునీటి చుక్కకూ వేలికీ తేడా తెలియడం కష్టం, రెండూ ఆవేశాన్ని లాక్కునేవే. అందుకే తెర మీద నీళ్ళు పడితే ఫోను తనంతట తానే ఎవరికో ఫోను చేస్తుంది. దెయ్యం పట్టిందని తెస్తారు. తుడిచి ఇస్తాను. డబ్బులు తీసుకోను లెండి. దీనికి పూర్తిగా ఎదురు, కొబ్బరి వలుపు పనిచేసేవారి వేళ్ళు. ఏళ్ళ తరబడి పీచు లాగి లాగి వేలి కొనలు కాయకాచి, ఎండిపోయి ఉంటాయి. ఆ మందపాటి పొడి చర్మం వల్ల సంకేతం బలహీనంగా అందుతుంది. పక్కవాడు ఆనిస్తే తెరుచుకునేది వాళ్ళకు మూడుసార్లు నొక్కితే గానీ తెరుచుకోదు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ పెంచే వీలుంది, అది పెట్టి పంపిస్తుంటాను. కొందరు వేలి కణుపుతో నొక్కడం అలవాటు చేసుకున్నారు. పాత రెసిస్టివ్ తెరకు ఈ గొడవే లేదు. తడి వేలు, కాయకాచిన వేలు, గోరు, ఈనె పుల్ల, దానికి అందరూ ఒకటే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. బటను ఎక్కడికి పోయింది?

బటను తీసేయడం ఆపిల్‌తో మొదలు కాలేదు. 2009లో పామ్ కంపెనీయే, అదే పాత పామ్, వెబ్ఓఎస్ అనే వ్యవస్థ తెచ్చింది. తెరిచిన ఆప్‌లు పేకముక్కల్లాగ వరుసగా కనబడేవి, అక్కర్లేని ముక్కను వేలితో పైకి విసిరితే మూతపడేది. ఇవాళ మన ఫోన్లన్నిటిలో ఉన్నది అదేనా కాదా? 2011లో నోకియా ఎన్9 అనే ఫోను తెచ్చింది, ముందువైపు ఒక్క బటను లేదు, అంచు నుంచి తోస్తే ఇంటి తెర. 2013లో బ్లాక్‌బెర్రీ 10 వచ్చింది, అదీ తోపుల మీదే, అంటే తెరను వేలితో తోయడం మీదే, నడిచేది. ముగ్గురూ నిలవలేదు. వాళ్ళు వేసిన దారిలో 2017లో ఐఫోన్ ఎక్స్ నడిచింది, 2018, 19ల్లో ఆండ్రాయిడ్ 9, 10 నడిచాయి. కారణం సులువే. తెర పెరగాలి, ఫోను పెరగకూడదు. అప్పుడు బటను చోటు తినేయాలి. ఇంకొక కారణం నేను ఒప్పుకోవాలి: బటన్లు అరిగిపోతాయి. ఒకప్పుడు మా దుకాణం అద్దె హోమ్ బటన్ల మీదే గడిచేది.

అయితే చోటుతో పాటు పోయినది ఇంకొకటి ఉంది. బటను అంటే మీట మాత్రమే కాదు, ఇక్కడ నొక్కవచ్చు అని చెప్పే బోర్డు కూడా. తోపు అనేదానికి బోర్డు ఉండదు. కింది నుంచి పైకి తోస్తే ఇల్లు. తోసి కాసేపు ఆపితే తెరిచిన ఆప్‌ల వరుస. పక్క అంచు నుంచి లోపలికి తోస్తే వెనక్కి. పై నుంచి కిందికి లాగితే నోటిఫికేషన్లు; కొన్ని ఫోన్లలో కుడి వైపు లాగితే ఒకటి, ఎడమ వైపు లాగితే ఇంకొకటి. ఇవన్నీ తెర మీద ఎక్కడ రాసి ఉన్నాయి? ఎక్కడా లేవు, అడుగున చీపురు పుల్లంత గీత ఒకటి తప్ప. పాత వ్యవస్థలు చేతిని కష్టపెట్టాయి, కొత్తవి జ్ఞాపకాన్ని కష్టపెడుతున్నాయి. ఇది నా అభిప్రాయం, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఒప్పుకోడు. వాడికి ఎవరూ చెప్పకుండానే వస్తుంది, ఎందుకంటే తప్పు చేయడానికి భయపడడు. పెద్దావిడ భయపడతారు, తప్పు తోస్తే ఏం పోతుందోనని.

బొమ్మల విషయంలోనూ ఇదే జరిగింది. 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పుడు ఉబ్బెత్తు బటన్లన్నీ చదును చేసి, చాలా చోట్ల చుట్టూ ఉన్న గీతలు తీసేసి వట్టి అక్షరాలు మిగిల్చారు. ఏది చదవడానికి, ఏది నొక్కడానికి అన్నది తెలియక జనం గొణిగారు. మరుసటి ఏడాది మార్చిలో, బటను ఆకారాలు చూపించు అనే ఎంపిక ఒకటి సెట్టింగ్స్‌లో చేర్చవలసి వచ్చింది. 2025లో వచ్చిన ఐఓఎస్ 26లో అన్నిటినీ గాజులాగ మార్చారు, వెనకున్నది ముందున్నదానిలోంచి కనబడుతుంది. చూడడానికి ముచ్చటగా ఉంది. శుక్లాలున్న కంటితో చదవమనండి చూద్దాం.

కొలతల గురించి ఒక్క నిమిషం. వేలికి తగినంత చోటు ఉండాలని ఈ కంపెనీలే నియమం పెట్టుకున్నాయి. గూగుల్ చెప్పే కొలత సుమారు 9 మిల్లీమీటర్లు. మన తెలుగు కీబోర్డులో అడ్డంగా పది మీటలుంటే, 65 మిల్లీమీటర్ల తెర మీద ఒక్కొక్కటి ఆరున్నర. అక్షరాల వెనక అక్షరాలు దాచి, నొక్కి పట్టుకుంటే ఒత్తులు చూపించి సర్దుతారు. ఇక్కడ కూడా దాచడమే! అందుకే మనలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడుతున్నారు, లేకపోతే నోటితో చెప్పి రాయిస్తున్నారు. దానిని బద్ధకం అని తిట్టేవారున్నారు, నేను తిట్టను.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ఆపుతాను. ఆండ్రాయిడ్‌లో ఇప్పటికీ పాత మూడు బటన్లు పెట్టుకునే వీలు ఉంది. తీసేయలేదు, దాచారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సిస్టమ్ కింద గానీ డిస్‌ప్లే కింద గానీ నావిగేషన్ అనే మాట వెతకండి, కంపెనీని బట్టి చోటు మారుతుంది. అందులో మూడు బటన్ల ఎంపిక ఉంటుంది. అది నొక్కగానే తెర అడుగున మూడు గుర్తులూ వచ్చాయి. ఆవిడ మధ్యదాని మీద బొటనవేలు పెట్టారు, ఇంటి తెర వచ్చింది. "ఇక్కడే ఉందిగా, మరి పోయిందన్నావేం?" అని నన్నే అడిగారు. పోయిందన్నది నేను కాదని వాదించలేదు. ఐఫోన్ వాడేవారికి ఈ వీలు లేదు, కానీ వారికి తెర మీద తేలియాడే బటను ఒకటి, అసిస్టివ్ టచ్ అని, యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది.

ప్రశ్నలుంటే అడగండి, పావుగంట సమయం ఉందని గ్రంథపాలకులు చెప్పారు. ఆ లోపల మూడు బటన్లు కావలసినవారు ఫోన్లు తీసుకుని ఈ బల్ల దగ్గరకు రండి. చేతులు తడిగా ఉంటే ముందు తుడుచుకోండి.